ఎంతకి పోతుంది?

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా పిన్నిగారి అరుగు మీద ఆరేడుగురం కూర్చుంటాం. గోడకి ఒక పెద్ద త్రికోణపు చట్రం ఆనించి ఉంటుంది. చుట్టూ మేకులు, మేకుల మధ్య దారం. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూస్తారు. "ఏంటండీ ఇది?" అంటారు. మగ్గమని చెబితే ఓ నిమిషం తేరిపార చూసి రెండో ప్రశ్న వేస్తారు. "ఎంతకి పోతుంది?"

ఏడాదిగా ఇదే ప్రశ్న. కూరగాయల బండి అబ్బాయి అడిగాడు, ఎదురింటి మాస్టారు అడిగారు, మా ఆయనా అడిగారు. ఎవరి మనసులోనూ చెడు లేదు. అయినా ఆ మాట విన్నప్పుడల్లా నాకు లోపల ఎక్కడో చివుక్కుమంటుంది. మాది నరసాపురం దగ్గర పల్లె. ఆడవాళ్ళ చేతిపనిని ‘ఎంతకి పోతుంది’ అన్న ఒక్క లెక్కతోనే వందేళ్ళకి పైగా చూసిన ఊళ్ళు మావి. పోనీ ఆ లెక్కలోనైనా వాళ్ళకి న్యాయం జరిగిందా అంటే అదీ లేదు. అమ్మకం మాట పక్కన పెట్టి నలుగురు ఆడవాళ్ళు కలిసి కూర్చుని ఒక పని నేర్చుకోవడం తీరికున్నవాళ్ళ సరదా అంటే నేను ఒప్పుకోను. మా వైపు అది రావలసిన వాళ్ళకి రాకుండా ఆగిపోయిన బాకీ.

ముందు మగ్గం సంగతి. పిన్నిగారు కూతురి పురుడుకని అమెరికా వెళ్ళి ఆరు నెలలున్నారు. అక్కడ ఊరి లైబ్రరీలో ఒక గది ఉందట. వారానికోసారి ఆడవాళ్ళు ఎవరి అల్లిక వాళ్ళు పట్టుకొచ్చి అందులో కూర్చుంటారట. వాళ్ళలో ఒకావిడ ఏడడుగుల త్రికోణం మీద గొర్రె ఉన్నితో శాలువా నేస్తోంది. పిన్నిగారికి ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆవిడ పక్కన నిలబడి చేతుల వంకే చూస్తూ రెండు మధ్యాహ్నాలు గడిపారు. మూడోవారం ఆవిడే కొక్కెం తీసి పిన్నిగారి చేతిలో పెట్టింది. తిరిగొచ్చాక పిన్నిగారు మాతో అన్న మొదటి మాట నాకు బాగా గుర్తు. "ఏం లేదే, నులక మంచం అల్లడం చూశారుగా. అదే ఇదీను. దానికి నాలుగు మూలలు, దీనికి మూడు."

ఆ ఒక్క మాటతో మాకు సగం అర్థమైపోయింది. నులక మంచానికి తాడు ఎక్కడా తెంపరు. ఒక మూల మొదలుపెట్టి, పట్టెల చుట్టూ తిప్పుకుంటూ, ఒకసారి పైనుంచి ఒకసారి కిందనుంచి దూర్చుకుంటూ పోతారు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో మా నాన్నగారు పెరట్లో మంచం అల్లుతుంటే తాడు చుట్ట పట్టుకుని కూర్చోవడం నా పని. వదులైతే "బిగువమ్మా, బిగువు" అనేవారు. ఇప్పుడు ఆదివారాలు మేం ఒకరికొకరం "టెన్షన్ తగ్గింది చూడు" అనుకుంటున్నాం.

మామూలు మగ్గం మీద పడుగు, అంటే పొడుగు దారాలు, ముందే సాగదీసి ఉంటుంది. అడ్డ దారమైన పేక దాని మధ్యలోంచి, అటూ ఇటూ తిరిగే నాడెతో పోతుంది. రెండూ వేరు వేరు దారాలు. ఈ ముక్కోణపు మగ్గం మీద ఒకే దారం రెండు పనులూ చేస్తుంది. పొడుగు బద్ద పైన, రెండు పొట్టి బద్దలు కింద కోసుగా కలుస్తాయి. ఎడమ మూల మేకుకి ముడి వేసి దారం అడ్డంగా కుడి మూలకి తీసుకెళతాం. అక్కడ మేకుకి చుట్టి పైకి, పొడుగు బద్ద మీద రెండు మేకులు తిప్పి మళ్ళీ కిందికి, కింది మేకు దగ్గర మలిపి అడ్డంగా వెనక్కి. అడ్డంగా పోయినప్పుడు పేక, నిలువుగా దిగినప్పుడు పడుగు. కొక్కెంతో ఒక పోగు మీదుగా, ఒక పోగు కిందుగా లాగుతూ పోవాలి. గుడ్డ రెండు మూలల నుంచీ ఒకేసారి పెరుగుతూ వచ్చి నడిమధ్యలో కలుసుకుంటుంది. అయిపోయాక మేకుల మీంచి తీసేయడమే. కత్తిరించేది లేదు, వృథా పోయేది లేదు.

వినడానికి తేలిగ్గానే ఉంది. మా మొదటి మగ్గం మాత్రం పాడైంది, తప్పు నాదే. వడ్రంగి గుమ్మాలకి చేయగా మిగిలిన టేకు బద్దలు ఇచ్చాడు. పొడుగుది 150 సెంటీమీటర్లు, పొట్టివి రెండూ 106. మేకులు ఎంత దూరంలో కొట్టాలని అతనడిగితే, అన్నిటికీ సెంటీమీటరుకొకటి కొట్టెయ్యమన్నాను. నేను బళ్ళో లెక్కలు చెప్పే మనిషిని. ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. అల్లడం మొదలుపెట్టాక నిట్టనిలువుగా దిగాల్సిన దారం పక్కకి వాలడం మొదలైంది. పదో వరుసకి వచ్చేసరికి దాదాపు మూడు సెంటీమీటర్లు వాలింది. అప్పుడు తట్టింది. పొట్టి బద్దలు ఏటవాలుగా ఉన్నాయి, వాటి మీద ఒక సెంటీమీటరు జరిగితే అడ్డంగా జరిగేది 0.7 మాత్రమే. పైన ఒక సెంటీమీటరు ఉంటే ఏటవాలు మీద 1.41 ఉండాలి. రెండు వర్గమూలం. ఏటా పిల్లల చేత బోర్డు మీద రాయించే అంకె, నా కళ్ళెదుట దారమై వేలాడితే గాని గుర్తురాలేదు. పొట్టి బద్దల మీద 212 మేకులు పీకి, బొక్కలు పూడ్చి, 150 మళ్ళీ కొట్టాం. ఆ వారం మా ఎనిమిదో తరగతికి చట్రాన్నే పట్టుకెళ్ళాను. "ఈ అంకె దేనికి పనికొస్తుంది టీచర్?" అని ఆ రోజు ఒక్కరూ అడగలేదు.

దారం లెక్క కూడా వేశాం. ఈ కొలతకి అడ్డంగా 56 మీటర్లు, నిలువుగా 56 మీటర్లు, మొత్తం 112. పోగుల మీదుగా కిందుగా ఒంపు తిరగడానికి ఇంకాస్త. మా ఎండలకి ఉన్ని పనికిరాదు కాబట్టి నూలే. అంగట్లో దొరికే తెల్ల లేసు దారం ఎనిమిది పోగులు కలిపి ఒక దారంగా వాడుతున్నాం. ధనుర్మాసంలో తెల్లవారుజామున కాలవ గట్టున మంచు పట్టినప్పుడు భుజాల మీద వేసుకోవడానికి అది చక్కగా సరిపోతుంది.

లేసు దారం అన్నాను కదా, ఇక అసలు సంగతికి వస్తాను.

1844 ప్రాంతంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీ దంపతులు మా వైపు ఆడవాళ్ళకి లేసు అల్లడం నేర్పారని ఇక్కడ చెప్పుకుంటారు. అప్పటి నుంచి నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల పల్లెల్లో ఇది లేని వీధి లేదు. మా అమ్మ ఎనిమిదో ఏట సూది పట్టింది. అన్నం వార్చి, గంజి పక్కన పెట్టి, మెట్టు మీద కూర్చుని అల్లేది. ఏజెంటు దారం తూచి ఇచ్చేవాడు, అల్లినవి లెక్కపెట్టి తీసుకునేవాడు. అమ్మ అల్లేది పువ్వులు. ఆ పువ్వుల్ని ఇంకో వీధిలో ఇంకెవరో అతికేవారు. అంచు ఇంకెవరో కట్టేవారు. టేబుల్ మీద పరిచే గుడ్డ పూర్తిగా తయారై ఎక్కడో ఓడ ఎక్కేది. ముప్పయ్యేళ్ళు అల్లిన మా అమ్మ తాను అల్లిన పువ్వు ఏ గుడ్డలో చేరిందో ఒక్కసారి కూడా చూడలేదు. ఇవాళ్టికీ మా ఇంట్లో లేసు ముక్క ఒక్కటి లేదు.

ఆ డబ్బు చిన్నదని నేను అనను. నా పదో తరగతి పరీక్ష ఫీజు లేసు డబ్బే. నేను ఈ ఉద్యోగంలో ఉన్నానంటే ఆ సూది వల్లే. కానీ ఆ డబ్బుకి మా ఇంట్లో ఉన్న పేరు ఏంటో తెలుసా? ‘అమ్మ ఖాళీగా ఉన్నప్పుడు చేసుకునే పని’. రోజుకి ఆరేడు గంటలు నడుం వంచి చేసే పనికి ఆ పేరు. 1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త మా ఊళ్ళకి వచ్చి, లేసు అల్లేవాళ్ళతో మాట్లాడి, 1982లో పుస్తకం రాసింది. ప్రపంచ మార్కెట్ కోసం సరుకు తయారుచేసే ఈ ఆడవాళ్ళని గృహిణులని పిలవడం వల్లే వాళ్ళ కూలి అంత తక్కువగా ఉండగలిగిందని ఆవిడ వాదన. కాలేజీలో ఉండగా ఆ సంగతి చదివినప్పుడు నాకు మా మెట్టు, మెట్టు మీద అమ్మ కనిపించారు. ఖాళీగా ఉన్న మనిషికి కూలెందుకు ఎక్కువ ఇవ్వాలి? ‘ఖాళీ’ అనే ఆ చిన్న మాటే ధర కట్టింది.

మా బృందంలో ఒక అక్క ఉంది. గోదావరికి ఆవలి ఒడ్డు, సఖినేటిపల్లి వైపు నుంచి పంటు అనే పెద్ద పడవ మీద దాటి వస్తుంది. నలభై ఏళ్ళుగా లేసు అల్లుతోంది. ఆమె వేళ్ళు చూడాలి. కుడి చూపుడు వేలి మొదటి కణుపు కాస్త పక్కకి ఒరిగిపోయి ఉంటుంది, ఎడమ చిటికెన వేలి మీద దారం ఒరుసుకున్న గీత తెల్లగా మెరుస్తుంది. మొదటిసారి మగ్గం ముందు నిలబడినప్పుడు మా అందరికంటే ముందు ఆమెకే పట్టుబడింది. నేను వరుస తప్పి విప్పుకుంటుంటే ఆమె దూరం నుంచి చూసి "ఏడో పోగు కింద దూర్చాలి టీచరుగారూ" అనేది. కరెక్టుగా ఏడో పోగే.

ఆమె మొదటి గుడ్డ సగానికి వచ్చిన రోజు జరిగింది ఇది. కొక్కెం పక్కన పెట్టి, చుట్టలో ఇంకా మిగిలి ఉన్న దారాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూసుకుంది. అలా రెండు మూడు సార్లు చూసుకుంది. తర్వాత పిన్నిగారి వైపు తిరిగి మెల్లగా అడిగింది.

"మిగిలింది ఎవరికి అప్పజెప్పాలండీ?"

ఎవరికీ మాట రాలేదు. పిన్నిగారే తేరుకుని "ఎవరికీ లేదమ్మా. నీదే. మిగిలితే ఇంకోటి మొదలెట్టుకో" అన్నారు. అక్క "ఆయ్" అంది గానీ ఆ దారాన్ని మళ్ళీ ఒకసారి తూచి చూసుకునే కింద పెట్టింది. నలభై ఏళ్ళలో ఆమె చేతిలోకి వచ్చిన ప్రతి మూరకీ ఒక యజమాని ఉన్నాడు. లెక్క చెప్పక్కర్లేని దారం ఆమెకి ఇదే మొదటిసారి.

నేను బాకీ అన్నది ఈ దారాన్నే.

దీనికి ఎదురు మాటలు ఉన్నాయి, అవి బలమైనవే. "మీకు నెల తిరిగేసరికి జీతం పడుతుంది కాబట్టి ఇలా మాట్లాడతారు" అని మా తోడికోడలు మొహం మీదే అంది. నిజమే. అక్క ఒక ఆదివారం మధ్యాహ్నం మా దగ్గర కూర్చుంటే ఆ పూట లేసు డబ్బు పోతుంది, పంటు ఖర్చు అదనం. దీన్ని మాటలతో కప్పిపుచ్చలేం. జీతాలున్న నలుగురం కలిసి ఆమెకి ఆ పూట కూలి ఇస్తామన్నాం. ఆమె ఒప్పుకోలేదు. "కూలి తీసుకుంటే ఇక్కడ కూడా కూలిదాన్నే అవుతానండీ" అంది. దారం మాత్రం తీసుకుంటుంది, పంటు టిక్కెట్టు ఎవరో ఒకరం పెడతాం. ఇది సరిపోతుందా అంటే సరిపోదు. అయినా డబ్బు అవసరం ఉన్న మనిషికి డబ్బు తప్ప ఇంకేదీ అవసరం లేదనే మాటని నేను ఒప్పుకోలేను. అక్కని ఎవరూ బలవంతంగా పంటు ఎక్కించడం లేదు. ఆమె వస్తోంది.

ఇంకో ఎదురు మాట నేతగాళ్ళ వైపు నుంచి వచ్చింది. అమలాపురం దగ్గర బండారులంకలో ఏళ్ళ తరబడి నేసి, ఇప్పుడు కొడుకు దగ్గరుంటున్న తాతగారొకరు మా వీధి చివర ఉంటారు. అసలు మగ్గాలు మూలపడుతుంటే ఈ ఆటబొమ్మతో ఏం చేస్తారని ఆయనకి కోపం. ఒకరోజు ఆయనే కర్ర పొడుచుకుంటూ వచ్చారు. చట్రం చుట్టూ తిరిగి చూశారు. "అంచు లేదు, నాడె లేదు, కాలికి పని లేదు. ఇది మగ్గమేంటమ్మా" అన్నారు. ఆయన మాటకి నేను తల వంచాను. గుంటలో కాళ్ళు పెట్టుకుని రోజుకి పది గంటలు నేసిన మనిషి ముందు మేం నేతగాళ్ళమని చెప్పుకోం, చెప్పుకోకూడదు కూడా. తర్వాత మా గుడ్డ మీద చెయ్యి వేసి, అతుకు దగ్గర ఆగారు. మేం వేసిన ముడి బుడిపెలా ఉంది. దాన్ని విప్పి, రెండు కొసలూ వేళ్ళ తడితో నలిపి, బొటనవేలి కింద తిప్పి ఏదో చేశారు. రెప్పపాటులో ముడి పడింది, వేలితో తడిమితే తెలియనంత సన్నంగా. నాలుగుసార్లు చేయించుకున్నాం. ఐదోసారి అక్క వేసి చూపించింది. ఆయన "ఊఁ" అన్నారు. అంతే అన్నారు.

ఆ రోజు ఆయన వెంట ఆయన భార్య కూడా వచ్చింది. ఆవిడ అరుగు చివర కూర్చుని ఉంది. పూర్వం తెల్లారకముందే వీధి పొడుగునా పడుగు సాగదీసి గంజి పెట్టడం, పోగులు సరిచేయడం గురించి తాతగారు చెబుతుంటే, "మీరూ నేసేవారా మామ్మగారూ?" అని అడిగాను. "నేనెక్కడ నేశానమ్మా. ఆయన నేసేవారు. నేను కండెలు చుట్టేదాన్ని, పడుక్కి గంజి పెట్టేదాన్ని, తెగిన పోగులు కలిపేదాన్ని, సాయం అంతే" అంది. ఆ ముడి ఆయనకంటే ఆవిడే ఎక్కువసార్లు వేసి ఉంటుంది. లేసు పల్లెల్లో దాని పేరు ‘ఖాళీ పని’, నేత పల్లెల్లో దాని పేరు ‘సాయం’. 2019-20లో జరిగిన నాలుగో చేనేత గణనలో దేశం మొత్తం మీద 35 లక్షల పైచిలుకు చేనేత కార్మికులు తేలారు. నూటికి 72 మంది ఆడవాళ్ళే. చేనేత అనగానే మన కళ్ళ ముందుకొచ్చే బొమ్మలో మగ్గం మీద కూర్చున్నది ఎవరు? నేనూ ఇన్నాళ్ళూ తాతగారినే చూశాను.

2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, అంటే ఆ పేరు ఈ ప్రాంతపు పనికే చెందుతుందని. సంతోషం. ఆ రోజు ఊళ్ళో అందరం గర్వపడ్డాం. సీతారాంపురంలో లేసు పార్కు కూడా ఉంది. పేరు ఊరికి దక్కింది, ఇక చేతికి కూడా దక్కాలి. ఒక మనిషి మొదటి ముడి నుంచి చివరి పోగు వరకూ ఒక వస్తువుని తానే చేసి, తానే చూసుకునే అవకాశం ఏ గుర్తింపూ తనంతట తాను ఇవ్వదు. దానికి కాస్త జాగా కావాలి, కాస్త దారం కావాలి, ఎవరూ తొందరపెట్టని కొన్ని నెలలు కావాలి.

ఈ చివరిది అడిగితేనే పేచీ వస్తుంది. ఒకసారి మేం చేతిపనుల శిక్షణ అని పిలిస్తే వెళ్ళాం. పేరు రాసుకునే కాగితంలోనే ‘నెలకి ఎన్ని తయారు చేయగలరు’ అనే గడి ఉంది. అక్క ఆ గడి దగ్గర ఆగిపోయింది. నేర్చుకోకముందే ఎన్ని చేస్తానని ఎలా రాయాలి? డ్వాక్రా సంఘాలు నడిపిన ఆడవాళ్ళు ఉన్న నేల ఇది. లెక్కలు రాయడం, అప్పు తీర్చడం, బ్యాంకులో మాట్లాడడం మా వాళ్ళకి ఒకరు నేర్పక్కర్లేదు. నేను అడిగేది ఇంతే. మొదటి ఆరు నెలలు ఆ గడి ఖాళీగా వదలండి. పంచాయతీ హాలు ఆదివారం మధ్యాహ్నం తాళం తీసి పెట్టండి. దారం ఇవ్వండి, తూచకుండా ఇవ్వండి. ఆ తర్వాత అమ్ముకోవాలా, దాచుకోవాలా, కూతురికి ఇచ్చుకోవాలా అన్నది చేసినవాళ్ళని తేల్చుకోనివ్వండి. అమ్ముతామంటే ధర కూడా వాళ్ళనే చెప్పనివ్వండి.

గడి ఖాళీగా ఉంటే ఏమవుతుందో నేను మా అరుగు మీద చూశాను. విప్పడం మొదలవుతుంది. కూలి పనిలో తప్పు పడితే కప్పేస్తారు, విప్పితే ఆ పూట పోయినట్టే. అక్క తన గుడ్డని రెండుసార్లు విప్పింది. మొదటిసారి మూల దగ్గర పోగు దాటేసింది. రెండోసారి తప్పేమీ లేదు. తెల్ల దారం మధ్యలో నీలం పోగు ఒకటి కలిపితే బాగుంటుందేమోనని అనిపించింది, అంతే. మూడు ఆదివారాల పని విప్పేసింది. విప్పుతున్నప్పుడు నాకే ప్రాణం ఉసూరుమంది. "అయ్యో, ఉంచెయ్యక్కా, బాగానే ఉంది" అన్నాను. "బాగానే ఉందండీ. నాకు ఇలా కావాలి" అంది. నలభై ఏళ్ళు ఏజెంటు ఇచ్చిన నమూనాలే అల్లిన మనిషి ‘నాకు ఇలా కావాలి’ అనడం మా ఎవరికీ మామూలు మాటగా వినిపించలేదు.

నడిమధ్యకి వచ్చేసరికి ఈ మగ్గం కష్టపెడుతుంది. రెండు వైపుల నుంచీ వచ్చిన గుడ్డ బిగుసుకుపోతుంది, కొక్కెం దూరదు. చివరి నాలుగు వరుసలకి అక్క తన సంచిలోంచి లేసు సూది తీసింది. పట్టుకునే చోట అరిగి సన్నబడిపోయిన సూది. దాంతో ఒక్కొక్క పోగే లాగి, చివరి కొసని లోపలికి దూర్చి, తాతగారి ముడి వేసింది. మేకుల మీంచి గుడ్డని తియ్యడానికి అందరం తలో వైపూ పట్టుకున్నాం. మేకులు వదలగానే బిగువు పోయి గుడ్డ మెత్తగా ముడుచుకుంది. దాన్ని దులిపి, భుజాల మీద వేసుకుని, మెడ వెనక్కి తిప్పి నీలం గీత ఎక్కడికి వచ్చిందో చూసుకుంది.

ఆ సాయంత్రం మాధవాయిపాలెం రేవు దాకా నేనూ వెళ్ళాను. పంటు మీద ఎవరో ఆమె భుజం మీది గుడ్డని పట్టుకుని ఏదో అడగడం, ఆమె నవ్వుతూ తల అడ్డంగా ఊపడం ఒడ్డు నుంచి కనిపించింది. మాటలు వినపడలేదు.

వచ్చే ఆదివారం కోడల్ని కూడా తీసుకొస్తానంది. ఉన్నది ఒకటే మగ్గం. రెండోదానికి బద్దలు కోయించాను, మేకులు ఈసారి నేనే కొడుతున్నాను. పొడుగు వైపు అయిపోయాయి. పొట్టి వైపులకి 1.41 చొప్పున పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకున్నాను.